ఎనిమిదిన్నర వేల పెడల్ బాక్సు, సాలూరు ఘాటీ, నా కుడికాలు

చదివే ఓపిక లేనివాళ్ల కోసం మార్కులు ముందే చెప్పేస్తున్నాను. ఐదుకి రెండు. అందులో ఒకటి వైర్లలో వాడిన రాగికి, ఇంకోటి ఊడదీయడం సులువుగా ఉన్నందుకు.

మాది జయపురం, ఒడిశాలో కొరాపుట్ జిల్లా. మోటార్లకి వైండింగ్ చేసే షాపు నాది. తాతగారి హయాంలో సాలూరు నుంచి కొండెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, కౌంటరు దగ్గర ఒడియా, సంతరోజు వచ్చే రైతులతో దేశియా. చుట్టాలంతా ఇప్పటికీ కిందే ఉన్నారు కాబట్టి పెళ్లికీ, పేరంటానికీ, దినానికీ, రాగితీగ సరుక్కీ నెలకి రెండుసార్లు దిగాల్సిందే. కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి దాటితే ఘాటీ. అడుగున సాలూరు. దారి గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, టౌనులో మాత్రమే తిరిగేవాళ్లు రాస్తే ఈ బాక్సుకి నాలుగు మార్కులు పడేవేమో. దాని ఖర్మ, నా చేతిలో పడింది.

కారు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, ఆరు గేర్ల మాన్యువల్. 998 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో పెట్రోలు, 120 పీఎస్. నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు. వెనకాల రెండు సైలెన్సర్ గొట్టాలు చూసి, "నలభై ఏడేళ్లొచ్చాక ఇదేం సరదా అండీ" అంది మా ఆవిడ. ఇరవై ఏడేళ్లప్పుడు డబ్బుల్లేవన్నాను.

పెడల్ బాక్సు అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ నుంచి ఇంజనుకి తీగ ఉండదు. పెడల్ దగ్గర ఒక సెన్సరు ఉంటుంది. మనం ఎంత తొక్కామో అది వోల్టుల్లో ఈసీయూకి, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటరుకి, చెబుతుంది. గాలి ఎంత వదలాలి, ఇంజనులోకి గాలి కుక్కే టర్బో ఎంత ఒత్తిడి కట్టాలి, పెట్రోలు ఎంత చిమ్మాలి అన్నది ఈసీయూ ఇష్టం. అంటే మన కాలు అర్జీ పెట్టుకుంటుంది, మంజూరు చేసేది అది. ఈ బాక్సు ఆ అర్జీని దారిలో పట్టుకుని, అంకె పెంచి రాసి లోపలికి పంపిస్తుంది. అంతకుమించి దీని దగ్గర విద్యేమీ లేదు. ఆ సంగతి నాకు కొన్నాకే తెలిసింది.

బాక్సు కంపెనీ పేరు రాయను. రాసినా మీకు ఒరిగేదేమీ లేదు, ఈ రకం డబ్బాలన్నీ చేసేది ఒకే పని. 8,600 రూపాయలు అయింది. వీడియోల్లో ఇది బిగించినవాళ్ల తలలన్నీ వెనక్కి వెళ్లి సీటుకి కొట్టుకోవడం చూసి ఆర్డరు పెట్టాను. బిగించడానికి పది నిమిషాలు. సీటు వెనక్కి జరిపి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి, పెడల్ మీదున్న ఆరు పిన్నుల కనెక్టరు ఊడదీసి, మధ్యలో దీన్ని ఇరికించడమే. దూరినవాడు బయటికి రావడానికి ఇంకో పది నిమిషాలు.

మొత్తం నాలుగు మోడ్‌లు: ఎకో, సిటీ, స్పోర్ట్, స్పోర్ట్ ప్లస్. నేను నేరుగా నాలుగోదానికే వెళ్లాను, ఎవరైనా అంతే చేస్తారు.

మొదటి రెండు రోజులు నా ఆనందం చెప్పనలవి కాదు. బస్టాండు నుంచి షాపు దాకా ఉన్న చిన్న దూరంలోనే మూడుసార్లు నవ్వొచ్చింది. చెప్పు ఆనితే చాలు, కారు ఎగిరి ముందుకెళ్తోంది. మావాడు పక్కన కూర్చుని "నాన్నా, ఇంజను మార్చేసినట్టుంది కదా" అన్నాడు. నేను కూడా అదే అనుకున్నాను. వైండింగ్ చేసేవాణ్ని అయ్యుండి ఆ మాట నమ్మడం నాదే తప్పు. సప్లై వోల్టేజీ పెంచకుండా, చుట్లు మార్చకుండా మోటారు హెచ్‌పీ పెరిగిందని కస్టమరు ఎవరైనా చెబితే టీ ఇచ్చి పంపించేసేవాణ్ని.

మూడో రోజు సాలూరులో మేనకోడలి ఓణీల ఫంక్షను. వానాకాలం, తడి రోడ్డు, కారులో నలుగురం.

ఘాటీలో పెడల్ పూర్తిగా తొక్కే సందర్భం దాదాపు రాదు. పావు తొక్కడం, అందులో సగం వదలడం, మళ్లీ చిటికెడు అద్దడం, అంతా ఆ మొదటి అంగుళంలోనే సంసారం. స్పోర్ట్ ప్లస్ ఏం చేసిందంటే, మొత్తం ఇంజన్ని తెచ్చి ఆ అంగుళంలో కుక్కింది. దిగేటప్పుడు మలుపుకీ మలుపుకీ మధ్య కొంచెం తొక్కితే కారు ఉరుకుతోంది, కొంచెం వదిలితే ముక్కు దించి ఆగినంత పని చేస్తోంది. వెనక కూర్చున్నవాళ్ల తలలు పెరుగు చిలికే కవ్వాల్లా అయిపోయాయి. వీడియోల్లో తలలు వెనక్కి మాత్రమే వెళ్తాయి, ముందుకి వచ్చేది చూపించరు. సగం దిగామో లేదో మా పాప కవరు అడిగింది. ఫంక్షనుకి కట్టిన పట్టు లంగా బతికింది, సీటు బతకలేదు.

తిరుగు ప్రయాణం సాయంత్రం. ఎక్కుతున్నాం కాబట్టి కుదుపులు తక్కువే ఉంటాయనుకున్నాను. కుడివైపు తిరిగే ఒక హెయిర్‌పిన్‌లో, రెండో గేరు, ముప్పై లోపే ఉన్నాను. మలుపు మధ్యలో రోడ్డు చెదిరిన చోట చక్రం పడింది, కారు ఎగిరింది, దాంతోపాటు నా పాదమూ ఎగిరి పెడల్ మీద పడింది. మామూలుగా అయితే అది చిన్న దగ్గులాంటిది. బాక్సు దాన్ని అరుపు చేసి ఈసీయూకి చెప్పింది. కారు ఒక్కసారిగా లాగింది, స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, ముక్కు తిరగడం మానేసి తిన్నగా ఎడమ అంచువైపు జరగడం మొదలెట్టింది. డాష్‌బోర్డులో ఈఎస్‌సీ, అంటే కారు జారకుండా చూసే ఏర్పాటు, దాని లైటు రెండుసార్లు మినుకుమంది. ఆ రెండు మినుకుల్లోనే పవరు తగ్గించి అది కారుని దారికి తెచ్చింది, నేను కాదు. నేను చేసిందల్లా స్టీరింగ్ గట్టిగా పట్టుకోవడం.

పైనుంచి వస్తున్న లారీ మలుపుకి అవతలే ఆగి ఉంది. కొండదారిలో దిగే బండి ఎక్కే బండికి దారివ్వాలని రూలు. ఆ డ్రైవరు ఎవరో గాని రూలు పాటించాడు కాబట్టి నేను ఈ రివ్యూ రాస్తున్నాను. మా ఆవిడ సుంకి చెక్‌పోస్టు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ మాత్రం, "ఆ డబ్బా ఎంతకి కొన్నారు?" అని అడిగింది. రెండు వేలని చెప్పాను.

ఆ మలుపులో ఏమైందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఈ కారులో ఇంజను తిప్పేవీ ముందు చక్రాలే, దారి తిప్పేవీ ముందు చక్రాలే. టైరుకి ఉన్న పట్టు నెల జీతం లాంటిది. ఇంటద్దెకి ఎక్కువ పోతే కిరాణాకి తగ్గుతుంది. మలుపులో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ పెరిగితే పట్టులో ఎక్కువ భాగం లాగడానికే ఖర్చయిపోయి తిరగడానికి మిగలదు. పైగా లాగినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎలాగూ కొంత వెనకే ఉంటుంది, ఇది ఇంకొంత. ముందు చక్రాల మీద నొక్కుడు తగ్గితే పట్టు ఇంకా పోతుంది. దీనికి ఉల్టా కూడా ఉంది. మలుపులో కొద్దిగా వదిలితే బరువు ముందుకి వచ్చి ముక్కు లోపలికి తిరుగుతుంది, తటాలున మొత్తం వదిలేస్తే వెనక భాగం తేలికై ఊగుతుంది. అంటే కుడికాలు కూడా ఒక స్టీరింగే. ఆ స్టీరింగ్‌ని మితిమీరి చురుకు చేయడమే నేను డబ్బిచ్చి చేయించుకున్న పని.

మర్నాడు షాపులో మల్టీమీటరు పట్టుకుని మళ్లీ డాష్‌బోర్డు కింద దూరాను. ఇంజను ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కనెక్టరు వెనకనుంచి సన్నటి సూదులు గుచ్చి చూశాను. సెన్సరులో రెండు ట్రాకులున్నాయి. ఒకటి ఎంత చూపిస్తే రెండోది అందులో సగం చూపిస్తుంది. ఒకటి చెడిపోయి తప్పుడు లెక్క చెబితే ఈసీయూ రెండింటినీ పోల్చి పట్టుకోవడానికి ఈ ఏర్పాటు. చూసి ముచ్చటేసింది, ఎవరో బుద్ధిమంతుడు చేసిన డిజైను. బాక్సు లేకుండా పెడల్ పావు వంతు తొక్కితే మొదటి ట్రాకులో ఒకటిన్నర వోల్టు పైచిలుకు. బాక్సు స్పోర్ట్ ప్లస్‌లో ఉంటే అదే పావుకి మూడు వోల్టుల దగ్గర. సరే, ఇప్పుడు పూర్తిగా తొక్కితే? బాక్సు ఉన్నా లేకపోయినా నాలుగు వోల్టులే. అదే నాలుగు.

మీ ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు ఉంది. దాని మీద 4 అని ఉన్నచోట 2 అని రాశారనుకోండి. రెండు మీద పెట్టగానే ఫ్యాను జోరుగా తిరుగుతుంది, చూసినవాళ్లు కొత్త ఫ్యాను అనుకుంటారు. 5 మీద పెడితే మాత్రం పాత గాలే.

మావాడు నమ్మలేదు. ఆదివారం తెల్లారుజామున సునాబేడ దగ్గర తిన్నటి రోడ్డు మీద పరీక్ష పెట్టాం. మూడో గేరులో నలభై నుంచి ఎనభైకి, పెడల్ నేలకి ఆనించి, బాక్సుతో ఐదుసార్లు, లేకుండా ఐదుసార్లు. వాడు ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాడు. వచ్చిన తేడా వాడి బొటనవేలు నొక్కడంలో వచ్చే తేడా, అంతకుమించి లేదు.

ఇంకో విషయం. ఈ బాక్సు టర్బో ఆలస్యాన్ని, అంటే తొక్కాక టర్బో అందుకునేదాకా పట్టే సమయాన్ని, తగ్గిస్తుందని అట్టపెట్టె మీద రాసుంది. టర్బో తిరిగేది సైలెన్సరులోకి పోయే పొగతో. ఇంజను తిరుగుడు తక్కువగా ఉన్నప్పుడు పొగ తక్కువ, కాబట్టి టర్బోకి ఊపిరి ఉండదు. ఈ ఇంజనుకి 172 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం, 1500 నుంచి 4000 ఆర్పీఎం మధ్య అని కంపెనీ కాగితంలోనే ఉంది. మూడో గేరులో 1300 దగ్గర ఎత్తు ఎక్కిస్తూ కారు లాగడం లేదంటే, పెడల్ ఎంత అరిచి చెప్పినా ఏం లాభం? రెండో గేరులోకి దిగితే 1900 దాటుతుంది, అదే కారు పరుగెడుతుంది. గేరు మార్చడానికి పైసా ఖర్చు లేదు.

ఇది రాస్తుంటే నాన్న జెన్ గుర్తొస్తోంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మారుతి జెన్, 993 సీసీ, నేను డ్రైవింగ్ నేర్చుకున్న కారు. దాంట్లో పెడల్‌కీ ఇంజనుకీ మధ్య ఉన్నది ఉక్కు తీగ. కాలు కదిలితే ఇంజను నోట్లో రేకు కదిలేది. మధ్యలో అర్జీలూ మంజూర్లూ లేవు. బరువు ఎనిమిది వందల కిలోల లోపే కాబట్టి మలుపులో మనసులో అనుకోగానే తిరిగేది. ఆ హాయి ఇప్పటి కార్లలో లేదని నాలాంటివాళ్లు నిట్టూరుస్తూ ఉంటారు. అయితే ఆ జెన్ సాలూరులో ఉన్న ఉషారు సెమిలిగుడ చేరేసరికి ఉండేది కాదు. అక్కడ సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, గాలి పదోవంతు పలచన. టర్బో లేని ఇంజను తాగే గాలి ఆ మేరకు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. ఇప్పటి టర్బో ఆ లోటుని చాలామటుకు పూడ్చేస్తుంది. నాన్న మాత్రం ఏసీ ఆపి, కిటికీలు దించి, "పాపం, ఆయాసపడుతోంది" అనేవారు. ఏసీ ఆపడం ఆ ఇంజనుకి నిజంగానే సాయం.

అసలు సంగతి తేల్చింది మా బావ. మా అక్క భర్త, సాలూరులో లారీలు తిప్పే ఇంట్లో పుట్టి, ముప్పై ఏళ్లు ఈ ఘాటీ మీద ఇనుమూ సిమెంటూ మోసినవాడు. నేను బాక్సు కథంతా చెబితే వినేసి, తాళం అడిగి తీసుకున్నాడు. నాచేత బాక్సు ఊడదీయించి, లుంగీ ఎగ్గట్టి, చెప్పులు వదిలేసి కూర్చున్నాడు. సుంకి దాకా ఎక్కించి మళ్లీ దింపాడు. స్పీడోమీటరు నలభై ఐదు దాటిన గుర్తు లేదు నాకు. డోరు అరలో పెట్టిన నీళ్ల సీసాలో నీళ్లు మాత్రం ఒక పక్కకి మెల్లగా వాలి, మెల్లగా నిలబడుతున్నాయి. మలుపుకి ముందే బ్రేకు ముగించేస్తున్నాడు, గేరు ముందే వేసేస్తున్నాడు, మలుపు మొదలైనప్పటి నుంచి కాలు దాదాపు కదలదు, బయటపడే దారి కనబడ్డాకే అదుముతున్నాడు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కాడో ఆ గేరులోనే దిగాడు.

"తొక్కకు బామ్మర్దీ, అదుమాల. కింద కోడిపిల్ల ఉందనుకో," అన్నాడు.

తర్వాత దిగి, టైర్ల చుట్టూ తిరిగి, ముందు ఎడమ టైరుని కాలితో తన్ని, "ఇందులో గాలెంతుంది?" అని అడిగాడు. నాకు తెలీదు. పంక్చరు షాపులో కుర్రాడు ఎంత కొట్టాడో అంతే. కొలిస్తే నలభై రెండు. డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరులో కంపెనీ రాసిన అంకె దానికి బాగా తక్కువ. ఎక్కువ గాలి నింపితే టైరు మధ్యలో ఉబ్బి, రోడ్డుకి ఆనే చోటు తగ్గుతుంది, చిన్న గుంతకే బంతిలా ఎగురుతుంది. ఈ కారు సస్పెన్షన్ ముందే గట్టిది, 195/55 ఆర్16 టైరుకి పక్కగోడ పెద్ద ఎత్తేం కాదు. దానికి నేను నలభై రెండు కలిపాను. ఆ హెయిర్‌పిన్‌లో నా పాదం ఎగరడానికి గుంత ఎంత కారణమో ఇదీ అంతే కారణం. మరి బాక్సునొక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు.

మర్నాడు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా, స్టిక్కరు ప్రకారం గాలి పెట్టించాను. అలైన్‌మెంటు చూపిస్తే ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పింది, ఎప్పుడో పడిన గుంత పుణ్యం. గాలితో సహా మొత్తం ఖర్చు వెయ్యి రూపాయల లోపే.

ఆ తర్వాత ఒంటరిగా ఒకసారి దిగి ఎక్కాను, వానలేని రోజు చూసి. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కారు కొన్న ఏడాదికి నాకు కారు అర్థమైంది ఆ రోజే. స్టీరింగ్ తిప్పడం మొదలెట్టగానే ముందు చక్రాలు రోడ్డుని పట్టుకున్న బరువు అరచేతుల్లో తెలుస్తోంది. ఇంతకుముందు ఆ బరువు వచ్చేది కాదు, నేను తిప్పి మళ్లీ సరిచేసుకునేవాణ్ని. ఇప్పుడు ఒక మలుపుకి ఒకే కదలిక. రెండో గేరులో 2200 దగ్గర నిలబెట్టి మలుపులోకి వెళ్తే, మూడు సిలిండర్ల గురక సన్నగా వినబడుతూ, టర్బో అప్పటికే ఊపిరి పట్టుకుని ఉంటుంది. మలుపు విప్పుకుంటుంటే స్టీరింగ్ ఎంత వెనక్కి వస్తుందో కాలు అంత దిగాలి. చేతికీ కాలికీ మధ్య తాడు కట్టినట్టు. ఆ లెక్క కుదిరినప్పుడు కంపెనీ ఇచ్చిన పెడల్‌లో నాకు ఏ ఆలస్యమూ కనబడలేదు. ఇన్నాళ్లూ ఆలస్యం అనుకున్నదాంట్లో సగం నేను తప్పు గేరులో ఉండటం, మిగతా సగం మలుపు అయ్యాక తొక్కడం గుర్తుకు రావడం. ముప్పై ఐదు, నలభై స్పీడులోనే ఇంత సరదా ఉందని ముందే తెలిస్తే వీడియోలు చూసేవాణ్ని కాను. ఆ దారిలో అంతకంటే వేగం వెళ్లే పని కూడా లేదు. ఆవులుంటాయి, మేకలుంటాయి, మలుపులో ఫోటోలు దిగే కొత్త జంటలుంటాయి.

బాక్సుకి న్యాయంగా ఒక మాట. ఎకో మోడ్ బాగుంది. అర్జీలో అంకె తగ్గించి పంపుతుంది కాబట్టి తడిరోడ్డు మీద, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకీ పనికొస్తుంది. మా ఆవిడ రెండుసార్లు అందులో పెట్టి నడిపి, ఇదే బాగుందంది. కారు వేగం పెంచుతుందని అమ్మే వస్తువులో పనికొచ్చింది నెమ్మది చేసే బటను. ఎప్పుడూ చదునైన టౌనులోనే తిరిగేవాళ్లకి, పెడల్ మరీ మొద్దుగా ఉందనిపించే కారుకి, సిటీ మోడ్ కూడా హాయిగానే ఉండొచ్చు. గుంతలూ మలుపులూ ఉన్న దారిలో మాత్రం మూడూ నాలుగూ ముట్టుకోకండి. వారంటీ సంగతి కూడా చూసుకోండి. సర్వీసుకి ఇచ్చేటప్పుడు నేను ఊడదీసే ఇచ్చాను, అడిగించుకోవడం ఎందుకని.

వాపసు ఇద్దామంటే గడువు పది రోజులే, నేను పన్నెండో రోజున అడిగాను. వాళ్లు కుదరదన్నారు. ప్రస్తుతం అది షాపులో కెపాసిటర్ల సొరుగులో ఉంది. నాలుగు వేలకి ఎవరైనా అడిగితే ఇచ్చేద్దామని ఉంది గాని, మా ఆవిడకి రెండు వేలనే చెప్పాను కదా, ఆ లెక్క ఎలా సర్దాలో ఇంకా తేలలేదు.